నక్క తోకా, లంగరు కాపలా

రాత్రి రెండింటికి ఫోన్ మోగితే కళ్ళు నులుముకుంటూ లాప్‌టాప్ తెరవడం మనలో చాలామందికి కొత్తేం కాదు. ఆన్‌కాల్ వారం వచ్చిందంటే ఫోన్ తలగడ కింద, లాప్‌టాప్ మంచం పక్కన, నా నిద్ర దేవుడి చేతిలో. ఆ వారం అయిపోగానే సిగ్నలే అందని చోటికి పారిపోవాలనిపిస్తుంది. పోయిన సెప్టెంబరులో నిజంగానే పారిపోయాను. తీరా వెళ్ళాక అక్కడ కూడా రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా నాకు ఆన్‌కాలే పడింది. అదీ సముద్రం మీద!

సంగతేమిటంటే, మా ఆఫీసులో విశాఖపట్నం అన్న ఒకాయన ఉన్నారు. మర్చంట్ నేవీలో పదేళ్ళు చేసి, తర్వాత సాఫ్ట్‌వేర్లోకి వచ్చి పడ్డారు. ఉద్యోగం మారినా సముద్రం పిచ్చి మాత్రం పోలేదు. ఇంకో స్నేహితుడితో సగం సగం పెట్టుకుని ఒక పాత తెరచాప పడవ కొన్నారు. 32 అడుగుల పొడవు, వయసు నాకంటే ఎక్కువ. కాలిఫోర్నియాలో వెంచురా రేవులో ఉంటుంది. "శనివారం శాంటా క్రజ్ దీవికెళ్ళి, రాత్రికి అక్కడే లంగరేసి, ఆదివారం వచ్చేద్దాం. వస్తారేటి?" అన్నారు. నేను, మా రూమ్మేటు (వరంగల్ వాడు, ఈత రాదు, ధైర్యం మాత్రం నాకంటే ఎక్కువ) వెంటనే తలూపేశాం.

శాంటా క్రజ్ అనగానే చాలామంది బే ఏరియా దగ్గరున్న ఊరనుకుంటారు. అది వేరు. ఇది లాస్ ఏంజెలెస్‌కి పడమటగా సముద్రంలో వరసగా ఉండే ఛానల్ ఐలాండ్స్‌లో పెద్దది. వైశాల్యం సుమారు 250 చదరపు కిలోమీటర్లు. అంత జాగాలో ఒక్క ఊరు లేదు, ఒక్క కొట్టు లేదు. నాలుగింట మూడొంతులు ద నేచర్ కన్జర్వెన్సీ అనే సంస్థది, మిగతాది నేషనల్ పార్కుది. సొంత పడవలో వెళ్ళి ఆ సంస్థ భాగంలో కాలు పెట్టాలంటే ముందే పర్మిట్ తీసుకోవాలి. బయటి గింజలేవీ దీవికి చేరకూడదని బూట్లు కూడా శుభ్రంగా తోముకుని వెళ్ళాలి. మావాడు పాత టూత్‌బ్రష్షుతో బూట్ల అడుగులు తోముతూ, "గుడికి పోతే బూట్లు ఇడిచిపెడ్తం, ఇక్కడ తోముకొని పోవాల్నా!" అని ఒకటే నవ్వు.

పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. మేం వెళ్ళాల్సిన పెలికన్ బే దాదాపు 25 నాటికల్ మైళ్ళు. పడవ వేగం గంటకు ఐదు నాట్లు. అంటే కారులో అరగంట దూరానికి ఐదు గంటలన్నమాట. మొదటి రెండు గంటలూ గాలి లేదు, ఇంజనుతోనే వెళ్ళాం. చుట్టూ తెల్లటి మంచు, ఏమీ కనపడదు. మధ్యలో పెద్ద కంటెయినర్ ఓడలు తిరిగే దారి దాటాలి. అన్న అక్కడ మాత్రం జోకులాపేసి, తెర మీద ఓడల చుక్కలు చూస్తూ, చెవులు రిక్కించుకుని నిలబడ్డారు. "తెర సూస్తే సాలదా అన్నా?" అని ఆయన యాసలోనే అడిగాను. "తెర మీద లేని పడవ కూడా గుద్దుతాది తమ్ముడూ" అన్నారు. అప్పుడది జోకులాగే వినపడింది.

మంచు విడిచాక గాలొచ్చింది. తెరచాపలు ఎత్తి ఇంజను ఆపగానే ఆ నిశ్శబ్దం ఉంది చూశారూ, దానికోసమైనా ఒకసారి వెళ్ళాలి. పడవ ఒక పక్కకి ఒరిగింది, మావాడు ఇంకో పక్కకి ఒరిగాడు. వాడి పొద్దుటి ఇడ్లీలు పసిఫిక్ పాలయ్యాయి. ఆ తర్వాత కాసేపటికే డాల్ఫిన్లు వచ్చాయి. వందల్లో! పడవ ముక్కు దగ్గర ఆడుకుంటూ పావుగంట మాతోనే వచ్చాయి. ఈ దీవుల్లో వేల ఏళ్ళు బతికిన చుమాష్ అనే తెగ వాళ్ళకి ఒక కథ ఉంది. దీవిలో జనం ఎక్కువైపోతే, అవతలి ఒడ్డుకి వెళ్ళడానికి భూదేవి ఇంద్రధనుస్సుతో వంతెన వేసిందట. దాటేటప్పుడు కిందికి చూసినవాళ్ళు కళ్ళు తిరిగి సముద్రంలో పడిపోతే, వాళ్ళు మునిగిపోకుండా డాల్ఫిన్లుగా మార్చేసిందట. అందుకే చుమాష్‌లకి డాల్ఫిన్లు చుట్టాలు. ఈ దీవికి వాళ్ళ పేరు లిమువ్. కొట్టుకొచ్చిన రెడ్‌వుడ్ దుంగల్ని పలకలుగా చీల్చి, తాళ్ళతో కుట్టి, సందులకి తారు, పైన్ జిగురు పూసి చేసిన తోమోల్ అనే పడవల్లో ఈ సముద్రం దాటేవాళ్ళు. 2001లో వాళ్ళ వారసులు అలాంటి పడవ చేసుకుని, వందేళ్ళకు పైగా ఆగిపోయిన ఆ ప్రయాణాన్ని మళ్ళీ చేశారు. తెడ్లేసుకుంటూ! మేం ఇంజనూ, జీపీఎస్సూ పెట్టుకుని ఆపసోపాలు పడుతున్నాం.

పెలికన్ బే చేరేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. ఎత్తైన కొండగోడల మధ్య చిన్న మలుపు, ఆకుపచ్చ నీళ్ళు. అప్పటికే నాలుగు పడవలున్నాయి.

లంగరు వెయ్యడమంటే బరువైన ఇనప ముక్కని తాడుకట్టి నీళ్ళలో పడేయడమే అనుకునేవాణ్ణి. తప్పు. పడవని ఆపేది లంగరు బరువు కాదు, పట్టు. లంగరు కొక్కెం అడుగునున్న ఇసుకలోకి దిగబడాలి. దిగబడాలంటే లాగుడు నేలబారుగా ఉండాలి. అందుకే లోతుకి ఐదారు రెట్లు గొలుసు, తాడు వదలాలి. 30 అడుగుల లోతులో మేం 180 అడుగులు వదిలాం. తర్వాత ఇంజను వెనక్కి నడిపి, లంగరు కరుచుకుందో లేదో లాగి చూడాలి. పెలికన్ బే ఇరుకు. ఒక్క లంగరు మీద పడవలన్నీ గుండ్రంగా తిరిగితే ఒకదానికొకటి గుద్దుకుంటాయి. అందుకని ముందొకటి, వెనకొకటి, రెండు లంగర్లేసి, ముక్కు అలలకి ఎదురుగా ఉండేట్టు కట్టేస్తారు. ఇందులో ఒకే ఒక్క ఇబ్బంది ఉంది. గాలి పక్కనుంచి వస్తే పడవ దానికి ఎదురు తిరగలేదు. మొత్తం ఒళ్ళంతా గాలికి అడ్డం పెట్టి రెండు లంగర్లనీ గుంజుతుంది.

అన్న ఒడ్డు మీద ఒక ఓక్ చెట్టు, దానికింద తెల్లటి బండ ఒకే గీతలో ఉండటం చూపించి, "ఈ రెండూ ఇలా ఒకదాని కిందొకటి ఉన్నంతసేపూ మనం కదల్నట్టు లెక్క. గుర్తెట్టుకోండి" అన్నారు. గుర్తు పెట్టుకున్నాం. (అని అనుకున్నాం.)

మధ్యాహ్నం గాలితో నింపే చిన్న రబ్బరు పడవలో ఒడ్డుకెళ్ళాం. ఇసుక ఒడ్డేం కాదు, రాతి గట్టు. అల పైకి లేచినప్పుడు ఎగిరి గట్టెక్కాలి. లెక్క తప్పితే స్నానమే. మా ముగ్గుర్లో ఇద్దరికి స్నానమైంది. పైన చదునుగా ఉన్న చోట పాత మెట్లూ, రాతి కట్టుబడీ ఇంకా కనిపిస్తాయి. గత శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఇక్కడ విడిది క్యాంపు నడిచిందట. మూకీ సినిమాల వాళ్ళు కూడా వచ్చి దిగేవారట. ఇప్పుడక్కడ మిగిలింది గాలి చప్పుడే.

అక్కణ్ణుంచి ప్రిజనర్స్ హార్బరుకి రెండు మైళ్ళ కాలిబాట. 1830లో మెక్సికో ప్రభుత్వం కొందరు ఖైదీలని ఓడలో తెచ్చి ఈ దీవిలో దింపేసిందట, ఆ పేరు అలా వచ్చింది. దారిలో నీలంగా మెరుస్తూ ఒక పిట్ట ఎగిరింది. ఐలాండ్ స్క్రబ్ జే. ఇది ప్రపంచం మొత్తమ్మీద ఈ ఒక్క దీవిలోనే ఉంటుంది. దారి పక్కన కొన్నిచోట్ల గుల్లచిప్పల పోగులు మట్టిలోంచి బయటికి కనిపిస్తాయి. చుమాష్ ఊళ్ళ ఆనవాళ్ళవి. ఈ దీవి వాళ్ళు చిన్న గవ్వల్లాంటి వాటిని అరగదీసి పూసలు చేసేవాళ్ళు. అవతలి ఒడ్డున ఆ పూసలే డబ్బు. అంటే ఈ దీవి ఒకప్పుడు టంకశాల! ఒక్క చిప్ప కూడా తీసుకెళ్ళకూడదు, మేమూ తియ్యలేదు.

ప్రిజనర్స్ హార్బరులో యూకలిప్టస్ చెట్ల కింద కూర్చుని పులిహోర పొట్లం విప్పామో లేదో, అతిథి ప్రత్యక్షం. నక్క! పెంపుడు పిల్లి అంత ఉంది, అంతే. బూడిద రంగు వీపు, ఇటికరంగు చెవులు. ఏమాత్రం భయం లేకుండా నడుచుకుంటూ వచ్చి మావాడి సంచీలో తల పెట్టింది. దానికి తిండి పెట్టకూడదు కాబట్టి సంచీ లాక్కుని, పులిహోర మూసేసి, ముగ్గురం లేచి నిలబడ్డాం. అదేమో తీరిగ్గా కూర్చుని మమ్మల్ని చూస్తోంది. మావాడికి ఎక్కడలేని ఉత్సాహం. "రేయ్, నక్క తోక తొక్కుడే తక్కువరా, తొక్కినమంటే ఈసారి హెచ్1బీ లాటరీల మన పేరే!" అన్నాడు. అప్పుడు చూశాను, దాని మెడకి సన్నటి పట్టీ, రేడియో కాలర్.

ఆ కాలర్ వెనక కథ మన వృత్తి వాళ్ళకి తప్పకుండా నచ్చుతుంది, ఎందుకంటే అది మంచి రూట్ కాజ్ అనాలిసిస్. ఈ నక్క జాతి ఈ దీవుల్లో తప్ప ఎక్కడా లేదు. ఒక్క శాంటా క్రజ్‌లోనే 1990ల మొదట్లో వెయ్యికి పైగా ఉండేవి. పదేళ్ళు తిరక్కుండా వందలోపుకి పడిపోయాయి. తింటున్నది గోల్డెన్ ఈగిల్స్ అనే పెద్ద గద్దలు. మరి అవి అంతకుముందు ఎందుకు లేవు? దీవిలో తెల్లతల గద్దలు (అమెరికా ముద్ర మీద ఉండేవి) కాపురముండేవి. అవి చేపలు తింటాయి, నక్కల జోలికి పెద్దగా పోవు, వేరే గద్దల్ని దగ్గరికి రానివ్వవు. ఆ తెల్లతల గద్దలు ఏమయ్యాయి? సముద్రంలో కలిసిన డి.డి.టి. చేపల్లోంచి వాటి ఒంట్లోకి చేరి, గుడ్ల పెంకులు పల్చబడి పొదగకుండానే పగిలిపోయాయి. అలా గత శతాబ్దం మధ్యకల్లా మాయమయ్యాయి. ఖాళీ అయిన ఇంట్లోకి గోల్డెన్ ఈగిల్స్ వచ్చాయి. వాటిని ఏడాది పొడుగునా పోషించింది, ఒకప్పుడు మనుషులు తెచ్చి వదిలేస్తే అడవిపాలైన పందులు. పందిపిల్లలు ప్రధాన భోజనం, నక్కలు టిఫిను.

ప్యాచ్ కూడా అన్ని చోట్లా వెయ్యాల్సి వచ్చింది. గోల్డెన్ ఈగిల్స్‌ని నలభైకి పైగా పట్టుకుని దూరంగా వదిలారు. తెల్లతల గద్ద పిల్లల్ని 2002 నుంచి తెచ్చి పెంచారు. 2006లో మళ్ళీ దీవి మీద సహజంగా గుడ్డు పొదిగింది. ఐదువేలకు పైగా పందుల్ని చంపారు, దాని మీద గొడవలూ జరిగాయి. నక్కల్ని బోనుల్లో పెంచి వదిలారు. 2004లో అంతరించే జాబితాలోకెక్కిన నక్క 2016లో దిగిపోయింది. అమెరికా చట్టం కింద అంత తొందరగా కోలుకున్న క్షీరదం ఇంకోటి లేదు. అంతా అయ్యాక కూడా కాలర్లు తియ్యలేదు. నక్క చాలాసేపు కదలకపోతే ఆ కాలర్ సిగ్నల్ మారుతుంది. అప్పుడెవరో ఒకరు కొండలెక్కి వెళ్ళి, అది ఎందుకు చచ్చిపోయిందో చూసొస్తారు.

చీకటి పడేలోపు పడవకి వచ్చేశాం. ఉప్మా, ఆవకాయ. నక్షత్రాలు మా ఊళ్ళో కరెంటు పోయినప్పుడు కనిపించేటన్ని. తిన్నాక అన్న, "రాత్రి కాపలా. పది నుంచి ఒంటిగంట నేను, ఒంటిగంట నుంచి నాలుగు నువ్వు, తర్వాత వాడు" అన్నారు. ఫోన్లో లంగరు అలారం ఉంది కదా అన్నాన్నేను. పడవ చుట్టూ ఒక వృత్తం గీస్తే, జీపీఎస్ చుక్క ఆ వృత్తం దాటగానే మోగుతుంది. ఇంకా మనిషెందుకు?

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పడమటి వైపు చీకట్లోకి చెయ్యి చూపించారు. ఈ తీరం వెంబడే కొంచెం దూరంలో ప్లాట్స్ హార్బర్ ఉంది. 2019 సెప్టెంబరు 2న తెల్లవారుజామున అక్కడ లంగరేసున్న కాన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తగలబడిపోయింది. కింది గదిలో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. రాత్రంతా ఒకరు మెలకువగా ఉండి పడవంతా తిరిగి చూడాలని రూలుంది. ఆ రాత్రి ఎవరూ లేరు, సిబ్బంది అంతా నిద్రలో ఉన్నారు. కాపలా లేకపోవడం వల్లే మంట ముదిరేదాకా ఎవరికీ తెలీలేదని విచారణలో తేలింది. ఆ పడవ కెప్టెన్‌కి 2023లో నేరం రుజువై, 2024లో నాలుగేళ్ళ శిక్ష పడింది. "అలారం ఉండాల. మనిషీ ఉండాల" అని అన్న లేచి వెళ్ళిపోయారు.

ఒంటిగంటకి నన్ను లేపారు. మొదటి అరగంట బాగానే ఉన్నాను. టార్చి వేసి చెట్టూ బండా చూశాను, ఒకే గీతలో ఉన్నాయి. చలి పెరిగింది. కిందకి దిగి మెట్ల దగ్గర దుప్పటి కప్పుకుని ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ఒకటీ నలభైకి అలారం మోగింది. గుండె ఆగినంత పనైంది. పైకెళ్ళి చూస్తే అంతా మామూలే. జీపీఎస్ చుక్క ఒక్క క్షణం గెంతి మళ్ళీ వృత్తంలోకొచ్చింది. పది నిమిషాలకి మళ్ళీ మోగింది. మళ్ళీ ఏమీ లేదు. అన్న అటు దొర్లారు. పాపం నిద్ర పాడవుతుందని వృత్తాన్ని 40 అడుగుల నుంచి 100 అడుగులకి పెంచేశాను. అలారం నోరు మూసుకుంది. నేనూ హాయిగా కూర్చున్నాను. నిద్రపోలేదు, ఒట్టు. ఫోన్ వైపే చూస్తున్నాను. చుక్క వృత్తంలోనే ఉంది.

రెండున్నరకి పడవ కదలిక ఏదో తేడాగా అనిపించింది. అప్పటిదాకా ముందుకీ వెనక్కీ ఊగేది ఇప్పుడు పక్కలకి ఊగుతోంది. గాలి మారింది, ఈశాన్యం నుంచి వస్తోంది. ఈ ప్రాంతంలో ఎడారి వైపు నుంచి వీచే శాంటా ఆనా గాలులంటే పడవల వాళ్ళందరికీ హడల్. ఇది దాని చిన్న తమ్ముడు. అన్నని లేపాలా వద్దా? ఊరికే గాలి మారితే లేపుతారా, పొద్దున్న అంతసేపు పడవ నడిపారు, అలారం కూడా మోగలేదు కదా అని తటపటాయిస్తూ ఒక పది నిమిషాలు కూర్చున్నాను. నేను ఏ నిర్ణయమూ తీసుకోకముందే బయటనుంచి ఎవరో "హే! యూ ఆర్ డ్రాగింగ్!" అని కేక. పక్క పడవలో ఒక పెద్దాయన టార్చి మా మీద కొడుతున్నారు. ఆయన పడవ మధ్యాహ్నం ఉన్నదానికంటే చాలా దగ్గరగా ఉంది. అంటే మేమే దగ్గరికొచ్చాం. చెట్టు ఒకచోట, బండ ఒకచోట.

"అన్నా!" అని అరిచిన అరుపుకి మావాడు కూడా లేచి తల బాదుకున్నాడు (నిజంగానే, పైకప్పుకి). అన్న రెండు సెకన్లు చుట్టూ చూశారు. ఇంజను స్టార్ట్ చేశారు. వెనక లంగరు తాడు కొసకి ఒక తేలే ఫెండర్ కట్టి తాడు మొత్తం నీళ్ళలోకి వదిలేశారు. వెనక కట్టు విడిపోగానే పడవ గిర్రున తిరిగి గాలికి ఎదురు నిలిచింది. మావాడూ నేనూ ముందు లంగరు గొలుసు లాగాం. చేతులు తోలు లేచిపోయాయి. రాళ్ళు వెనకాల టార్చి వెలుగులో స్పష్టంగా కనిపిస్తున్నాయి, రెండు పడవల పొడవు దూరం ఉందేమో. లంగరు పైకొచ్చింది, పడవ బయట పడింది. తెల్లారేదాకా బయట సముద్రంలో మెల్లగా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం. గాలి పొద్దున్నకల్లా తగ్గిపోయింది, ఏమీ జరగనట్టు. వెనక్కెళ్ళి ఫెండర్ పట్టుకుని లంగరు తీసుకున్నాం. పక్క పడవ పెద్దాయనకి దండం పెట్టి, మా దగ్గరున్న ఫిల్టర్ కాఫీ ఫ్లాస్కు ఇచ్చాం.

అన్న తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. ఫోన్ తీసి వృత్తం చూసి, "ఎప్పుడు పెంచావ్?" అన్నారు. చెప్పాను. "గాలి మారిందని తెలిసినప్పుడు లేపలేదే?"

"మీ నిద్ర పాడుచెయ్యడం ఎందుకని..."

"నువ్వు లేపుతావనే కదా నేను నిద్రపోయింది."

తిరుగు ప్రయాణమంతా ఆ మాటే చెవిలో తిరిగింది. ఎందుకంటే నేనిలా చెయ్యడం అది మొదటిసారి కాదు. ఏడాది కిందట మా ఆఫీసులో ఒక సర్వర్ డిస్కు నిండుతోందని ఒక అలర్టు రోజూ రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడు మోగి, తనే ఆగిపోయేది. విసుగొచ్చి దాని హద్దు 80 శాతం నుంచి 95కి పెంచేశాను. రెండు నెలల తర్వాత డిస్కు నిజంగానే నిండింది. అలర్టు మోగిన ఇరవై నిమిషాలకే అంతా ఆగిపోయింది. నాలుగు గంటలపాటు కస్టమర్ల ఆర్డర్లు పోయాయి. ఆ రాత్రి ఆన్‌కాల్‌లో ఉన్న కొత్త కుర్రాడు అందరి ముందూ సంజాయిషీ చెప్పుకున్నాడు. పోస్ట్‌మార్టంలో "మానిటరింగ్ మెరుగుపరచాలి" అని కర్త లేని వాక్యం ఒకటి రాసి దాటేశాం. రాసింది నేనే. హద్దు పెంచింది నేనేనని రాయలేదు.

మాది ప్రకాశం జిల్లాలో పల్లెటూరు. మా తాతయ్య జొన్నచేను కోతకొచ్చినప్పుడు మంచె మీద కాపలా ఉండేవాడు. అడవిపందుల భయం. పందులు వచ్చినా రాకపోయినా గంటకోసారి గట్టిగా కేకేసేవాడు. పక్క చేలో మంచె మీదనుంచి జవాబు కేక వచ్చేది. రాకపోతే లాంతరు పట్టుకుని వెళ్ళి చూసొచ్చేవాడట. పందులొచ్చినప్పుడు అరిస్తే చాలదా తాతయ్యా అని చిన్నప్పుడు అడిగితే, "అవతలోడు మెలకువగా ఉన్నాడో లేదో తెలియొద్దట్రా" అన్నాడు. ఆ పక్క పడవ పెద్దాయన కేక వినపడినప్పుడు నాకు తాతయ్య గుర్తుకు రాలేదు, అంత తీరిక లేదు. సోమవారం ఆఫీసులో కూర్చున్నాక గుర్తొచ్చాడు.

ఆ రోజు చేసిన మొదటి పని, మా టీములో నోరు మూయించిన అలర్టుల జాబితా తీయడం. పద్నాలుగున్నాయి. అందులో మూడు నావి. రెండోది, ఆ కుర్రాడికి కాఫీ ఇప్పించి జరిగింది చెప్పడం. "నాకప్పుడే డౌటొచ్చింది అన్నా, అడగలేకపోయాను" అన్నాడు. మూడోది, పాత పోస్ట్‌మార్టం తెరిచి ఆ వాక్యానికి కర్తని చేర్చడం. మా మేనేజరు చదివి ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఆకాశమేమీ విరిగి పడలేదు.

ఆ పద్నాలుగింట్లో తొమ్మిది నిజంగానే పనికిమాలినవి, తీసేశాం. ఊరికే మోగే అలారాన్ని ఉంచడం కూడా తప్పే. సరిచెయ్యాలి, లేదా నలుగురికీ చెప్పి తీసెయ్యాలి. చెప్పకుండా వృత్తం పెంచడం మాత్రం రెండూ కాదు. అవతలివాళ్ళు మనం చూస్తున్నామనుకుని నిద్రపోతారు.

వచ్చే వేసవికి మళ్ళీ వెళ్తున్నాం. ఒంటిగంట నుంచి నాలుగు నాకే కావాలని అడిగాను, అన్న సరేనన్నారు. మా రూమ్మేటు ఈత నేర్చుకుంటున్నాడు. అమ్మకి ఫోన్లో నక్కల సంగతి మాత్రమే చెప్పాను. "అంత దూరం వెళ్ళి క్షేమంగా వచ్చారు, నక్క తోక తొక్కారన్నమాట" అంది. తోక తొక్కలేదమ్మా, పక్క పడవలో ఒకాయన మేలుకుని ఉన్నాడు అని చెబుదామనుకుని, మళ్ళీ ఆవిడ నిద్ర ఎందుకు పాడుచెయ్యాలని ఊరుకున్నాను.